కలపను కలిపే కళ

సూర్యుణ్ణి తరిమెన పట్టిన కథ మీరు వినే వుంటారు. విష్ణుపురాణంలో వున్నది. సూర్యుని భార్య సంజ్ఞ. మగని వేడిమికి తాళలేక, తన నీడను ఇంట్లో నిలిపి, తాను అడవికి వెళ్ళిపోతుంది. సంగతి బయటపడ్డాక మామగారైన విశ్వకర్మ అల్లుణ్ణి తన తరిమెన మీదికి ఎక్కించి, గిరగిర తిప్పి, తేజస్సులో ఎనిమిదో వంతు చెక్కివేస్తాడు. కూతురి కాపురం చక్కబడింది. అయితే విశ్వకర్మ అక్కడితో చేతులు దులుపుకోలేదు. చెక్కగా రాలిన పొట్టును ఊడ్చి పారబోయకుండా, దానితోనే విష్ణువుకు చక్రం, శివుడికి త్రిశూలం, కుమారస్వామికి శక్తి తయారుచేశాడు.

చిన్నతనంలో ఈ కథ విన్నప్పుడు నాకు సంజ్ఞ మీద జాలి కలిగేది. కాలేజీలో పాఠాలు చెప్పే వాణ్ణయ్యాక జాలి ఛాయ మీదికి మళ్ళింది. ఈ రెండేళ్ళ నుంచీ మాత్రం నా ధ్యాస అంతా ఆ రాలిన పొట్టు మీదనే వున్నది. ఎందుకో చెబుతాను.

తరిమెన అంటే ఈ కాలపు పిల్లలకు తెలియదు. లేతు అంటే తెలుస్తుంది. కుమ్మరి సారెను పడుకోబెట్టినట్టుండే యంత్రం అది. వడ్రంగి పనిలో కట్టె కదలకుండా వుంటే పనిముట్టు కదులుతుంది. ఇక్కడ కట్టె తిరుగుతుంటుంది, ఉలి నిలిచి వుంటుంది. సంస్కృతంలో దీన్ని భ్రమమన్నారు. నిజంగా భ్రమే! మూలలు గల మొద్దు గిరగిర తిరుగుతుంటే నీడలాగా, పొగలాగా కనబడుతుంది. ఉలి వాదర తగిలేసరికి ఆ పొగలోంచి గుండ్రని వస్తువొకటి బయటికి వస్తుంది. పూర్వం ఈ పనికి ఇద్దరు కావలసి వచ్చేది. ఒకడు కట్టెకు చుట్టిన తాడును ఇటూ అటూ లాగేవాడు. రెండోవాడు కట్టె తన వైపుకు తిరిగినప్పుడు మాత్రమే ఉలి ఆనించేవాడు. ఇప్పుడు కరెంటు మోటారు వచ్చింది.

మీ ఇంట్లోనే ఒకసారి చూడండి. అప్పడాల కర్ర, పాత మంచం కోళ్ళు, కవ్వం, కుంకుమ భరిణె, పిల్లవాడి బొంగరం, చదరంగం బంట్లు - ఇవన్నీ తరిమెన బిడ్డలే. మామూలుగా ఒక్కొక్క వస్తువూ ఒక్కొక్క మొద్దులోంచి పుడుతుంది. నేను చెప్పబోయేది మరొక రకం పని. రకరకాల గట్టి కర్రల ముక్కలను జిగురుతో అతికి, ఒక్క మొద్దు చేసి, దాన్ని తరిమెన పట్టడం.

మా ఇంటి ముక్కలు

మా ఊరు పులికాట్ సరస్సు ఒడ్డున, తడకు దగ్గర. ఒకప్పుడు నెల్లూరు జిల్లా. 2022లో కొత్తగా ఏర్పడిన తిరుపతి జిల్లాలో చేరింది. ఈ సరస్సుకు మరో పేరు ప్రళయకావేరి. ఉప్పునీరూ మంచినీరూ కలిసిన మన దేశపు కయ్యలలో ఒరిస్సాలోని చిలక తరువాత పెద్దది ఇదే. ఎక్కువ భాగం మన రాష్ట్రంలో వున్నది. సరస్సుకు పేరిచ్చిన పులికాట్ పట్టణం మాత్రం తమిళనాడులో వున్నది. చలికాలంలో ఎర్రరెక్కల కొంగలు దిగుతాయి. శ్రీహరికోట వైపు అప్పుడప్పుడు రాకెట్టు లేస్తుంది. మిగిలిన రోజుల్లో నీళ్ళూ, వలలూ, ఉప్పుగాలీ తప్ప మరేమీ లేవు.

ఆ ఉప్పుగాలే మా ఇంటిని తిన్నది. మా అమ్మ పోయిన తరువాత ఇల్లు పడగొట్టక తప్పలేదు. మేము నలుగురం - అన్నయ్య, నేను, తమ్ముడు, చెల్లెలు. పొలం పంపకంలో రాని తగవు ద్వారబంధం దగ్గర వచ్చింది. అమ్మ నలభై ఏళ్ళు పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టిన టేకు ద్వారబంధం అది. అన్నయ్య పెద్దవాణ్ణి గనుక తనకన్నాడు. తమ్ముడు కొత్త ఇల్లు కడుతున్నాడు గనుక తనకన్నాడు. చెల్లెలు ఏమీ అనలేదు, ఏడ్చింది. తీరా పడగొట్టి చూస్తే లోపల సగానికి చెద పట్టి వున్నది. మూరెడు పొడుగు మంచి కర్ర ఒక్కచోట లేదు. జిట్రేగి పట్టెమంచం కోళ్ళు పగిలాయి. పనస ఉయ్యాలబల్ల నెర్రెలు విచ్చింది. పాత కట్టెలు కొనేవాడు వచ్చి, వంటచెరుకు ధర చెప్పాడు. అప్పటికి మేము ముగ్గురు మగవాళ్ళం ఒకరితో ఒకరం మాట్లాడుకోవడం లేదు.

ఆ ముక్కలన్నీ గోనెసంచులకెత్తి, సరస్సు ఒడ్డున లేతు పెట్టుకున్న ఒక ముసలి ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"వీటితో ఏమన్నా అవుతుందా ఆచారిగారూ? ముక్కలు గదా" అన్నాను.

ఆయన టేకు ముక్కను గోటితో గీరి, వాసన చూశాడు. "ముక్కలు గాదు అయ్యోరా. చెద తినంగా మిగిలిందంటే ఇది చేవ. తెల్లచెక్కంతా దాని పాలికి పోయింది. ఇంక మనకు పనికొచ్చేదే మిగిలింది" అన్నాడు.

తరువాత నీటి వైపు చూపించాడు. ఒడ్డున ఒక పాత కట్టుమరం బోర్లించి వున్నది. "దాంట్లో ఒక్క మానైనా ఒంటరిగా సముద్రం మీదికి పోగలదా? నాలుగు మాన్లు కడితేనే గదా!"

కట్టిన మానే కట్టుమరం. ఈ తీరపు మాటే ఇంగ్లీషులోకి వెళ్ళి కెటమరాన్ అయింది. చెట్టు చిన్నదైతే మనిషి కట్టడం నేర్చుకున్నాడు. తాడుతో కట్టేది కట్టుమరం. జిగురుతో కట్టేది ఆచారిగారి పని. కలప అన్న మాటలోనే కలపడం వినిపిస్తుంది. తెలుగు మేష్టరును గనుక నాకు అట్లా తోచింది. వ్యుత్పత్తి అని మాత్రం అనను.

కట్టె గుణం

ముక్కలు అతకడం లోటు కప్పిపుచ్చుకోవడానికేనని నేను అనుకునేవాణ్ణి. కాదు. దానిలో శాస్త్రం వున్నది.

కొట్టివేసిన తరువాత కూడా కట్టె గాలిలోని తేమను పీలుస్తూ, వదులుతూ వుంటుంది. పచ్చికట్టె ఎండేటప్పుడు అన్ని వైపులా ఒక్కలాగా ముడుచుకోదు. పొడుగున ముడుచుకునేది దాదాపు లేదనవచ్చు. వెయ్యింట ఒకటి రెండు పాళ్ళు. అడ్డంగా, వలయాల వెంట మాత్రం సాధారణంగా నూటికి 5 నుంచి 10 పాళ్ళు ముడుచుకుంటుంది. మొద్దు నడిమి నుంచి బెరడు వైపుకు ముడుచుకునేది అందులో సుమారు సగం. ఈ తేడా వల్లనే దుంగలు నెర్రెలిస్తాయి; పచ్చికట్టెతో గుండ్రంగా చేసిన గిన్నె ఎండాక కోడిగుడ్డు ఆకారానికి తిరుగుతుంది. బాగా ఎండిన చిన్న ముక్కలను, వాటి పోగులన్నీ ఒకే దారిన నడిచేటట్టు పేర్చి అతికితే ఆ గుంజులాట చాలావరకు తగ్గుతుంది.

ఇందుకు నిదర్శనం మీ పిల్లవాడి క్రికెట్ బ్యాట్. పిడిని చుట్టిన రబ్బరు తొడుగు తీసి చూడండి. ఒక్క కర్ర కాదది. పేము బద్దలను వరసగా అతికి, వాటి నడుమ రబ్బరు పట్టీలు పెట్టి, ఆ దిమ్మెను లేతు మీద గుండ్రంగా తిప్పుతారు. బంతి తగిలిన అదురును ఆ పొరలు మింగివేస్తాయి. ఒక్క కర్రతో పిడి చేస్తే ఆ అదురు చేతికి వస్తుంది.

గిన్నెకు పద్ధతి వేరు. 12 ముక్కలను చక్రంలాగా పేర్చి ఒక కంకణం చేస్తారు. ఒక్కొక్క ముక్క 30 డిగ్రీల వంతు. అంచేత ఒక్కొక్క కొసను 15 డిగ్రీల వాలుగా కోయాలి. వినడానికి సులభమే. కాని 12 ముక్కలకు 24 కోతలు. ప్రతి కోతలోనూ అర డిగ్రీ తప్పిందనుకోండి, చివరి ముక్క దగ్గరికి వచ్చేసరికి 12 డిగ్రీల సందు! చిన్న చిన్న తప్పులు విడివిడిగా కనబడవు. అన్నీ కలిసి చివరి ముక్క దగ్గర నిలదీస్తాయి. మా ఇంటి పంపకం నాకు జ్ఞాపకం వచ్చింది.

ఇట్లాంటి కంకణాలను ఒకదాని మీద ఒకటి, గోడకు ఇటుకలు పేర్చినట్టు, కింది అతుకు మీద పై ముక్క నడిమి భాగం వచ్చేటట్టు అతకాలి. కొసకు కొస అతికిన అతుకు బలహీనం. పై వరుసా కింది వరుసా పట్టుకుంటేనే దానికి బలం. ఈ పద్ధతిలో పోగులు గిన్నె చుట్టూ నడుస్తాయి. కొసలన్నీ అతుకుల్లో దాగిపోతాయి గనుక ఉలికి ఎక్కడా పీచు లేవదు. పైగా మొద్దును తొలిచి లోపలి కలపనంతా పొట్టు చెయ్యనక్కరలేదు. పసుపు పచ్చని పనస, బంగారు రంగు టేకు, ఊదా నలుపు జిట్రేగి పక్క పక్కన చేరితే రంగు పూయవలసిన పని కూడా వుండదు.

ఇక జిగురు. పూర్వం జంతువుల తోళ్ళూ ఎముకలూ ఉడికించి తీసిన సరేసు వాడేవారు. వేడిగా పూయాలి, తడి తగిలితే పట్టు వదులుతుంది. 1959లో ఫెవికోల్ వచ్చాక మన వడ్రంగులకు ఆ వంట తప్పింది. ఏ జిగురైనా నియమం ఒకటే. అతికే ముఖాలు రెండూ అద్దంలాగా చిత్రిక పట్టి వుండాలి. సందును జిగురుతో పూడ్చుదామనుకోకూడదు. టేకులో స్వతహాగా నూనె వుంటుంది గనుక అతికే ముందు స్పిరిటుతో తుడవాలి. బిగించాలి గాని జిగురంతా బయటికి కారిపోయేటట్టు బిగించకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆగాలి.

నేను ఆగలేదు

ఆ కార్తీక మాసంలో ముసురు పట్టింది. చెల్లెలు మూడో రోజున విదేశం వెళుతున్నది. దానికి ఒక పళ్ళగిన్నె చేసి ఇవ్వాలని నా తొందర. ఆచారిగారు గుడికి వెళ్ళిన సమయంలో, ముందు రోజు అతికిన 10 అంగుళాల కంకణాల దొంతరను నేనే లేతు మీదికి ఎక్కించాను. అప్పటికి ఆయన దగ్గర నాలుగు నెలలుగా శనాదివారాలు ఉలి పట్టడం నేర్చుకుంటున్నాను. అంతా వచ్చేసిందనుకున్నాను.

పది అంగుళాల గిన్నె నిమిషానికి 1000 చుట్లు తిరిగితే దాని అంచు గంటకు 48 కిలోమీటర్ల వేగంతో పోతుంది. ఈ లెక్క నేను తరువాత వేసుకున్నాను. ఉలి తగలగానే పెళ్ళున చప్పుడు. పై కంకణం రెండుగా విడి, ఒక సగం తాటాకు కప్పును చీల్చుకుని వెళ్ళింది. రెండో సగం నా కణత పక్కగా పోయి గోడకు కొట్టుకుంది. ముఖానికి అడ్డం పెట్టుకోవలసిన పారదర్శకపు తొడుగు మేకుకు వేలాడుతూనే వున్నది.

ఆచారిగారు వచ్చి, కోప్పడలేదు. ముక్క తీసి అతుకు చూపించాడు. పైన ఆరింది, లోపల జిగురు ఇంకా తెల్లగా మెత్తగా వున్నది. "వానకాలంలో దీనికి రెండింతలు నిద్ర గావాల అయ్యోరా. నీ తొందర దానికేం తెలుస్తుంది?" అన్నాడు. చెల్లెలు వట్టి చేతులతోనే విమానం ఎక్కింది.

అప్పటినుంచీ ముఖానికి తొడుగు లేకుండా నేను లేతు దగ్గర నిలబడలేదు. సన్నని పొట్టు ఊపిరితిత్తులకు చేటు గనుక ముక్కుకు గుడ్డ కూడా కడతాను. ఇంట్లో పిల్లలు ఈ పని నేర్చుకుంటామంటే ముందుగా కొనవలసినవి ఈ రెండు, తరువాతనే ఉలి.

పులికాట్ కుర్చీలు

మా సరస్సు ఒడ్డుకు ఈ విద్య కొత్తది కాదు. 1610లో డచ్చివారు పులికాట్‌లో దిగి, 1613లో గెల్డ్రియా కోట కట్టారు. 1690లో నాగపట్నానికి తరలిపోయేవరకు కోరమండల్ తీరంలో వారి వ్యాపారానికి పులికాట్ ముఖ్యస్థానం. ఇక్కడి రంగుల బట్టలతో పాటు, మన కొండల ఎర్రచందనం కూడా అద్దకపు సరుకుగా ఓడలెక్కింది.

ఆ శతాబ్దంలో ఈ తీరంలోని వడ్రంగులు యూరపు దొరలకోసం నల్లచేవతో కుర్చీలు చేశారు. కుర్చీ కమ్మెలు పురి పెట్టిన తాడులాగా మెలికలు తిరిగి వుంటాయి; వెనుక వాలుబల్ల నిండా పువ్వులూ లతలూ. అవి ఇంగ్లండు చేరాయి. తరువాతి శతాబ్దంలో హొరేస్ వాల్పోల్ అనే ప్రభువు ఇట్లాంటివి చూసి, ఇవి తమ దేశంలోనే ట్యూడర్ రాజుల కాలంలో తయారైనవని నమ్మి, వెతికి వెతికి తన భవనంలో చేర్చాడు. ఆయనను చూసి మరికొందరూ అదే నమ్మారు. మన వడ్రంగి చేతిపని కొంతకాలం పాటు అక్కడివారి తాతల ఆస్తిగా చెలామణీ అయింది! ఈ తీరపు నల్లచేవ కుర్చీలు ఇప్పుడు లండనులోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో తమ అసలు ఊరిపేరుతోనే వున్నాయి. చేసినవారి పేర్లు మాత్రం ఎక్కడా లేవు.

కోరమండల్ నల్లచేవ అని ఆ తీరం పేరే పెట్టుకున్న చెట్టు ఏదో తెలుసునా? మన తునికి. బీడీ ఆకుకోసం మనం ఎరిగిన తునికే. ముదిరిన చెట్టు నడుమ చేవ బొగ్గులాగా నల్లగా వుంటుంది.

ఎర్రచందనం ఆశ

ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఒక పరిచయస్థుడు నా దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, "మీ గిన్నెల్లోకి ఎర్ర ముక్కలు కావాలంటే చెప్పండి, ఎవరికీ తెలియదు" అన్నాడు. మనసు ఊగిసలాడలేదంటే అబద్ధమవుతుంది. పనస పసుపు పక్కన ఆ ఎరుపు ఎంత బాగుంటుందో నాకు తెలుసు. మా అమ్మ పెట్టెలో మరపాచి బొమ్మల జంట వుండేది. దసరా కొలువులో ముందు వాటికే పీట. తిరుపతిలో ఎర్రచందనంతో చెక్కే ఆ బొమ్మలు పెండ్లికూతురి వెంట అత్తవారింటికి వెళ్ళడం మా వైపు ఆచారం.

కాని ఎర్రచందనం ప్రపంచంలో సహజంగా పెరిగేది మన తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. శేషాచలం, దాని చుట్టుపక్కల కొండలు. 1995 నుంచి అంతర్జాతీయ వ్యాపారంలో దాని మీద సైటీస్ ఒప్పందపు కట్టడి వున్నది. అయినా దొంగరవాణా ఆగలేదు. దానికోసం అడవిలో మనుషులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. లెక్కలేని దుంగలో ఒక్క ముక్క నా భరిణెలో మెరిసినా, ఆ మెరుపు నాకు నిద్ర పట్టనివ్వదు. వద్దన్నాను. ఎరుపు కావలసిన చోట ఆచారిగారు పాత నల్లతుమ్మ బండి ఇరుసులోంచి ముక్క కోసి ఇచ్చాడు. గోధుమ ఎరుపు. చాలు.

చెట్టుకూ చేతిపనికీ వున్న ఈ లంకె అన్నిచోట్లా వున్నది. శ్రీకాళహస్తి దగ్గర మాధవమాలలో దేవుళ్ళ విగ్రహాలు చెక్కే కుటుంబాలకు కలప కావాలి. వరాహనది ఒడ్డున ఏటికొప్పాకలో లక్కబొమ్మలు తిప్పేవారికి అంకుడు కర్ర కావాలి. ఏటికొప్పాక పని చూడముచ్చట. తిరుగుతున్న బొమ్మకు లక్కకడ్డీని ఒత్తితే, రాపిడి వేడికే లక్క కరిగి రంగు పట్టుకుంటుంది. ఆ ఊళ్ళో చెట్ల నుంచి తీసిన సహజమైన రంగులను తిరిగి వాడుకలోకి తెచ్చిన సి.వి. రాజుగారికి 2023లో పద్మశ్రీ ఇచ్చారు. ఆ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చినా, కర్ర వుంటేనే గదా బొమ్మ. అడవి మీద కొత్తగా చెయ్యి వెయ్యకుండా, పడగొట్టిన ఇళ్ళ దూలాలతో, వడ్రంగి మూలన పారేసిన ముక్కలతో సాగే పని ఏదైనా వుంటే, అది ఈ అతుకుల పనే.

నాలుగు భరిణెలు

ముసురు వెలిశాక మళ్ళీ మొదలుపెట్టాము. ఈసారి గిన్నె కాదు. నాలుగు కుంకుమ భరిణెలు. ద్వారబంధం టేకు, మంచం కోళ్ళ జిట్రేగి, ఉయ్యాల పనస మూడూ నాలుగింటిలోనూ వచ్చేటట్టు ముక్కలు కోశాము. ప్రతి కంకణానికీ వారం రోజులు నిద్ర. మొత్తం మూడు నెలలు పట్టింది.

అన్నయ్యకు ఇవ్వడానికి నేనే వెళ్ళాను. ఏడాది తరువాత ఆ గడప తొక్కడం. ఆయన మూత తీసి, మూసి, అంచును బొటనవేలితో తడుముతూ కూర్చున్నాడు. "ఇందులో ద్వారబంధం ఏది?" అన్నాడు. చూపించాను. "వాడికి కూడా ఇచ్చావా?" అన్నాడు. "వెళ్ళేటప్పుడు ఇచ్చి పోతాను" అన్నాను. కొంచెంసేపాగి, "అక్కడ పెట్టు. నేను పట్టుకెళ్ళి ఇస్తాలే" అన్నాడు. చెల్లెలి భరిణె టపాలో వెళ్ళింది.

నా భరిణె తిరుపతిలో నా దగ్గర వున్నది. సరస్సు గాలిలో పుట్టిన వస్తువు. మొదటి మే నెల ఎండకే ఒక అతుకు పక్కన వెంట్రుకంత పగులు విచ్చింది. నాకు ప్రాణం చివుక్కుమన్నది. ఆచారిగారి దగ్గరికి తీసుకెళ్ళాను.

"కొత్త ఊరు గదా, సర్దుకుంటా వుంది" అన్నాడాయన. లేతు కింద వెతికి, మా భరిణెలు తిప్పినప్పుడు రాలిన టేకు పొట్టు పొట్లం ఒకటి తీశాడు. దాచిపెట్టాడన్న సంగతే నాకు తెలియదు. చిటికెడు పొట్టు జిగురులో కలిపి పగులులో నింపి, వేలితో రుద్ది, నా చేతిలో పెట్టాడు.

"రేపటి దాకా మూత ముట్టుకోబాక" అన్నాడు.

ఈసారి ఆగాను.